తలుపు తీద్దామా, వద్దా? పిల్లల్ని క్లాసులోంచే గ్రహాల దాకా తీసుకెళ్లడం ఎలా

నాలుగో తరగతి పిల్లల్ని గ్రహాల పేర్లు అడగండి, బుధుడు శుక్రుడు భూమి అంగారకుడు అంటూ ఎక్కం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేస్తారు. వెంటనే "సరే, శుక్రుడి మీద దిగి ఐస్‌క్రీమ్ తిందామా?" అని అడగండి. నా క్లాసులో అడిగితే "తిందాం టీచర్" అని అందరూ ఒక్కసారే అరిచారు. అంతకు ముందు వారమే శుక్రుడి మీద వేడి దాదాపు 465 డిగ్రీల సెల్సియస్ అని బోర్డు మీద రాశాను, నోట్సు రాయించాను, ఎర్ర ఇంకుతో టిక్కు కూడా పెట్టాను. అంకె నోట్సులోనే ఉండిపోయింది, పిల్లలకి వేడి తగల్లేదు.

అప్పటి నుంచి ఈ పాఠం యాత్రలాగా చెబుతున్నాను. రాకెట్ ఎక్కుతాం, ఒక్కో గ్రహం దగ్గర ఆగుతాం, ఆగిన ప్రతిచోటా ఒకటే ప్రశ్న: తలుపు తీద్దామా, వద్దా? తీద్దాం అన్నవాళ్లూ వద్దన్నవాళ్లూ కారణం చెప్పి తీరాలి. ఆ కారణం వెతుక్కునే హడావుడిలోనే వేడి, గాలి, బరువు, నేల, పగలు, రాత్రి అన్నీ వచ్చేస్తాయి. మూడు నుంచి ఐదో తరగతి దాకా బాగా పనిచేస్తుంది. ఇంట్లో ఒక్క పిల్లతో కూడా చేయొచ్చు, అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉండి పిల్లలకి తెలుగులో నాలుగు మాటలు అలవాటు చేయాలనుకునే అమ్మానాన్నలకి కూడా ఇది పనికొస్తుంది.

ఎనిమిది గ్రహాలూ ఒకే పీరియడ్‌లో చుట్టేద్దామని మాత్రం అనుకోకండి. నాలుగు రోజులు పెట్టుకోండి. మొదటి రోజు కొలతలూ చంద్రుడూ, రెండో రోజు బుధుడు, శుక్రుడు, అంగారకుడు, మూడో రోజు గురుడు, శని, నాలుగో రోజు యురేనస్, నెప్ట్యూన్, తిరుగు ప్రయాణం. రోజుకి 40 నిమిషాలు చాలు.

ముందు వంటింట్లోంచి గ్రహాలు తెచ్చుకోండి

ప్రయాణానికి ముందు ఎవరు ఎంత పెద్దో చేత్తో పట్టుకుని చూడాలి. భూమికి ఒక కాబూలీ శనగ గింజ తీసుకోండి, అడ్డంగా ఒక సెంటీమీటరు ఉంటుంది. శుక్రుడికీ అలాంటి గింజే, కాస్త చిన్నది ఏరండి. అంగారకుడికి కంది గింజ, బుధుడికి మిరియం. గురుడికి పీచు తీసిన చిన్న కొబ్బరికాయ, శనికి పెద్ద బత్తాయి, యురేనస్‌కీ నెప్ట్యూన్‌కీ చెరో నిమ్మకాయ. ఇక సూర్యుడు కావాలంటే వంటింట్లో దొరకడు, నేల మీద ముగ్గుతో చక్రం గీయాలి, అడ్డంగా 109 సెంటీమీటర్లు. ఆ చక్రంలో ముగ్గురు పిల్లలు కూర్చోవచ్చు. పక్కన శనగ గింజ పెట్టి "మన ఊరూ, మన స్కూలూ, సముద్రాలూ అన్నీ దీని మీదే ఉన్నాయి" అని చెప్పి ఒక నిమిషం ఏమీ మాట్లాడకండి. వాళ్లే వంగి వంగి చూస్తారు.

ఇక్కడే దూరం కూడా చెప్పేయాలి, లేదంటే గ్రహాలన్నీ చార్టులో ఉన్నట్టు పక్కపక్కనే ఉంటాయనే అనుకుంటారు. ఇదే లెక్కన శనగ గింజని ముగ్గుకి దాదాపు 117 మీటర్ల దూరంలో పెట్టాలి. నెప్ట్యూన్ నిమ్మకాయ అయితే మూడున్నర కిలోమీటర్ల అవతల, అంటే పల్లెటూళ్లలో పక్క ఊళ్లో పెట్టాల్సిందే. మీ దగ్గర మూడున్నర కిలోమీటర్ల దూరంలో ఏముందో ముందే చూసుకుని వెళ్లి, ఆ ఊరి పేరు, లేదా ఆ చెరువు పేరు చెప్పండి.

అంత దూరం నడిపించలేం కాబట్టి గ్రౌండ్‌లో అడుగుల లెక్క విడిగా చేయండి. సూర్యుడి నుంచి భూమికి 10 అడుగులు అనుకుంటే బుధుడు 4, శుక్రుడు 7, అంగారకుడు 15, గురుడు 52, శని 96, యురేనస్ 192, నెప్ట్యూన్ 300. అడుగులన్నీ ఒకే పిల్లవాడు వేయాలి, ఒక్కొక్కరి అడుగు ఒక్కోలా ఉంటుంది కదా. మొదటి నాలుగు గ్రహాల పిల్లలు ఒకరి మొహం ఒకరికి కనిపించేంత దగ్గరలో నిలబడతారు, గురుడి దగ్గరికి వచ్చేసరికి అరిచి మాట్లాడాల్సి వస్తుంది, నెప్ట్యూన్ పిల్ల గేటు దాటిపోతుంది. గేటు బయట రోడ్డు ఉంటే అక్కడితో ఆపేసి మిగతాది వెనక్కి తిప్పి నడిపించండి, అంతే గానీ పిల్లల్ని రోడ్డు మీదకి పంపకండి. ఈ అడుగుల లెక్కలో సూర్యుడు నిమ్మకాయంత, భూమి బొంబాయి రవ్వ పలుకంత. అడిగితే చెప్పండి, అడగకపోతే వదిలేయండి, రెండు కొలతలు కలిసిపోయి తికమక పడతారు.

రాకెట్, చీటీలు

రాకెట్‌కి పెద్ద ఖర్చేమీ లేదు. బెంచీలు రెండు వరసలుగా జరిపి మధ్యలో దారి వదలండి, బెంచీలు లేకపోతే పట్టాలు చాలు. క్లాసు తలుపే రాకెట్ తలుపు. గది మరీ చీకటి చేయొద్దు, చీకటంటే బెదిరే పిల్లలు ప్రతి క్లాసులో ఇద్దరు ముగ్గురు ఉంటారు, ఒక కిటికీ తెరిచే ఉంచండి. రాకెట్ పాడైపోయింది, పేలిపోతోంది లాంటి కథలు కూడా పెట్టకండి, టెన్షన్ పుడితే పిల్లలు ప్రాణం గురించే ఆలోచిస్తారు, గ్రహం గురించి ఆలోచించరు.

అసలు కిటుకు చీటీల్లో ఉంది. ప్రతి మజిలీకీ నలుగురికి నాలుగు చీటీలు ఇవ్వండి. ఒకరు థర్మామీటర్, ఒకరు గడియారం, ఒకరు త్రాసు, ఒకరు గాలి చూసేవాళ్లు. ఎవరి చీటీలో వాళ్ల విషయం మాత్రమే ఉంటుంది, పక్కవాళ్లకి చూపించకూడదు, అడిగితేనే చెప్పాలి. ఇంకొకరు కెప్టెన్, చెయ్యి గడియ మీద వేసి నిలబడి అందరినీ అడిగి తీర్మానం చేసేది కెప్టెనే. మజిలీ మారితే మనుషులూ మారాలి. మీరు మాత్రం అంకెలు చెప్పకండి, నోటి చివరిదాకా వస్తాయి, ఆపుకోండి. చీటీలు ముందు రోజే ఇచ్చేస్తే ఇంకా మంచిది, ఇంట్లో చదువుకుని అర్థం కాని మాటలు పొద్దున్నే వచ్చి అడుగుతారు.

శ్రీహరికోట నుంచి బయల్దేరండి

ఎక్కడి నుంచో ఎందుకు, మన దగ్గరే రాకెట్ ఎగిరే చోటు ఉంది. మ్యాప్‌లో నెల్లూరుకి కింద, పులికాట్ సరస్సుకీ సముద్రానికీ మధ్యలో శ్రీహరికోట చూపించండి. 2013 నవంబర్ 5న మంగళయాన్ బయల్దేరింది ఇక్కడి నుంచే, అంగారకుడి చుట్టూ కక్ష్యలోకి చేరింది 2014 సెప్టెంబర్ 24న. చంద్రయాన్-3 కూడా ఇక్కడి నుంచే 2023 జులై 14న లేచి ఆగస్టు 23న చంద్రుడి మీద దిగింది. ఈ తేదీలు పిల్లల చేత నెలల్లో లెక్క కట్టించండి: చంద్రుడికి నెలా పది రోజులు, అంగారకుడికి పది నెలలకి పైగా. "పది నెలలు రాకెట్‌లోనే ఉంటే మనం ఐదో తరగతికి వచ్చేస్తాం టీచర్" అని ఒకడు అన్నాడు, అంతకన్నా మంచి కొలత నాకు దొరకలేదు.

బస్సు లెక్క కూడా బోర్డు మీద చేయించండి. ఎక్కడా ఆగకుండా గంటకి 60 కిలోమీటర్లు పోయే బస్సెక్కితే చంద్రుడికి 267 రోజులు, సూర్యుడికి 285 ఏళ్లు. భాగహారం అంటే మొహం ముడుచుకునే పిల్లలు కూడా ఇది చేస్తారు.

తర్వాత కౌంట్‌డౌన్, తెలుగులోనే. పది, తొమ్మిది, ఎనిమిది. సున్నా దగ్గర అందరూ వీపు వెనక్కి ఆనించి గట్టిగా ఊపిరి పట్టాలి. అరవనివ్వండి, పక్క క్లాసు టీచర్‌కి మాత్రం ముందే చెప్పి ఉంచండి.

మజిలీలు

చంద్రుడు గ్రహం కాదు, కానీ మొదటి మజిలీ అదే పెట్టండి, తెలిసిన మొహం కాబట్టి. ఇక్కడ గాలి లేదు, గాలి లేకపోతే మాట వినపడదు. కాబట్టి మూడు నిమిషాలు ఎవరూ నోరు తెరవకూడదు, సైగలతోనే మాట్లాడుకోవాలి. ముప్ఫై మంది పిల్లలు మూడు నిమిషాలు నిశ్శబ్దంగా ఉండటం మీరు ఇక్కడే చూస్తారు. త్రాసు పిల్లవాడు బరువు చెబుతాడు: భూమి మీద 30 కిలోలు చూపిస్తే ఇక్కడ 5 కిలోలే. తలుపు? స్పేస్ సూట్ వేసుకుంటే తీయొచ్చు.

బుధుడి దగ్గర గడియారం చీటీయే హీరో. ఒక సూర్యోదయం నుంచి మళ్లీ సూర్యోదయానికి మన 176 రోజులు పడుతుంది, సూర్యుడి చుట్టూ తిరిగి రావడానికి మాత్రం 88 రోజులే. అంటే అక్కడ ఒక్క రోజులో రెండు పుట్టినరోజులు. ఇది చెప్పాక క్లాసు అదుపులో ఉండదు, ఉండనక్కర్లేదు. పగలు 430 డిగ్రీలు, రాత్రి సున్నాకి కింద 180. ఎందుకింత తేడా అంటే వేడిని పట్టి ఉంచే గాలి అక్కడ దాదాపు లేదు. "దుప్పటి లేకుండా పడుకున్నట్టు" అనండి, చాలు.

ఆ దుప్పటి మాట మర్చిపోకండి, శుక్రుడి దగ్గర మళ్లీ కావాలి. శుక్రుడు బుధుడికన్నా సూర్యుడికి దూరం, అయినా వేడి ఎక్కువ. దాదాపు అంతా కార్బన్ డయాక్సైడ్‌తో నిండిన మందమైన గాలి, దాని మీద మబ్బులు, వచ్చిన వేడి బయటికి పోదు. ఎర్రటి ఎండలో పది దుప్పట్లు కప్పుకున్నట్టు. గాలి ఒత్తిడి మన దగ్గరకన్నా 90 రెట్లకి పైనే. సూర్యుడు పడమర ఉదయిస్తాడు.

ఇక్కడ నా క్లాసులో జరిగింది చెప్పాలి. కెప్టెన్ గడియ మీద చెయ్యేసి "తీద్దామా?" అన్నాడు. వేగుచుక్క అంత అందంగా కనిపిస్తుంది కాబట్టి లోపల కూడా బాగానే ఉంటుందని సగం మంది "తీద్దాం" అన్నారు. థర్మామీటర్ చీటీ ఉన్న అమ్మాయి వెనక వరసలో కూర్చుంటుంది, ఏడాదిలో నాతో పది మాటలు మాట్లాడిందేమో. ఆ పిల్ల ఒక్క ఉదుటున లేచి వచ్చి తలుపుకి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడింది. "వద్దు. సీసం కరిగిపోతుంది అక్కడ. మనం కూడా" అంది. ఆ పొద్దున్నే నా దగ్గరికి వచ్చి సీసం అంటే ఏంటని అడిగిన పిల్ల అది. ఏడాది తర్వాత కూడా ఆ క్లాసు పిల్లలెవరూ శుక్రుడి మీద ఐస్‌క్రీమ్ తిందామనలేదు.

అంగారకుడి దగ్గరికి ఒక తుప్పు పట్టిన మేకు తీసుకెళ్లండి. తెల్ల కాగితం మీద గీకితే ఎర్రటి పొడి రాలుతుంది, వేలితో ముట్టుకోనివ్వకుండా కాగితమే తిప్పించండి. ఆ గ్రహం ఎర్రగా ఉండటానికి కారణం ఇలాంటి ఇనుప తుప్పే. రోజు మన రోజులాగే ఉంటుంది, ఒక నలభై నిమిషాలు ఎక్కువ. బరువు మూడో వంతుకన్నా కాస్త ఎక్కువ, 30 కిలోల పిల్లవాడు 11 కిలోలు తూగుతాడు, 5 కిలోల స్కూల్ బ్యాగు రెండు కిలోలు కూడా ఉండదు. సాయంత్రం సూర్యుడు అస్తమించే చోట ఆకాశం నీలంగా కనిపిస్తుంది. చలి ఎక్కువ, గాలి బాగా పలచన, కానీ సూట్ వేసుకుంటే దిగొచ్చు. దిగనివ్వండి. ఎనిమిది గ్రహాల్లో భూమి కాకుండా తలుపు తీసేది ఇక్కడొక్కచోటే, కాబట్టి క్లాసు బయటికి తీసుకెళ్లి వరండాలో ఐదు నిమిషాలు నెమ్మదిగా ఎగిరెగిరి నడిపించండి. మూడో రోజుకి పిల్లలు ఉత్సాహంగా రావాలంటే ఈ ఐదు నిమిషాలు కావాలి.

గురుడి దగ్గర ప్రశ్న కాస్త మారుతుంది. తలుపు తీస్తే కాలు ఎక్కడ పెడతారు? నేల లేదు. అంతా వాయువులే, లోపలికి పోయేకొద్దీ చిక్కబడుతూ పోతుంది. పిల్లలకి ఇది ఒప్పించడం కష్టం, బొమ్మలో బంతిలా గట్టిగా కనిపిస్తుంది కదా. అగరుబత్తి వెలిగించి పొగ చూపించండి: కనిపిస్తుంది, ఆకారం ఉంది, కానీ నిలబడలేం. కొబ్బరికాయ మీద ఎర్ర చుక్క పెట్టి, అది వందేళ్లకి పైగా తిరుగుతున్న తుపాను అని, ఆ ఒక్క తుపానులో మన భూమి మొత్తం పట్టేస్తుందని చెప్పండి. రోజు పది గంటల లోపే. "పది గంటల్లో స్కూలు, ఆట, నిద్ర ఎలా సర్దుకుంటారు?" అని టైమ్‌టేబుల్ వేయించండి, నవ్వుతూ లెక్కలు చేస్తారు.

శని దగ్గర కొంచెం నెమ్మదిగా

శని పేరు ఎత్తగానే ఒక పిల్ల "మా నానమ్మ శని దగ్గరికి పోవద్దంటుంది టీచర్" అంది. కొట్టిపారేయకండి, ఆ భయాన్ని నలుగురిలో ఎగతాళి చేస్తే ఆ పిల్ల ఇంటికెళ్లి ఈ పాఠం గురించి ఒక్క మాట కూడా చెప్పదు. నేను బోర్డు మీద రెండు జాబితాలు రాశాను. గుడిలో నవగ్రహాలు: సూర్యుడు, చంద్రుడు, కుజుడు (అంటే అంగారకుడే), బుధుడు, గురుడు, శుక్రుడు, శని, రాహువు, కేతువు. సైన్సు పుస్తకంలో ఎనిమిది. రెండింట్లోనూ ఉన్నవి ఐదు, ఆ ఐదూ కంటికి కనిపించేవి, మన వారాల పేర్లలో కూడా ఉన్నాయి. సైన్సులో సూర్యుడు నక్షత్రం, చంద్రుడు భూమికి ఉపగ్రహం. గుడిలో భూమి లేదు, ఎందుకంటే చూసేవాళ్లు భూమి మీదే నిలబడి చూశారు. రాహుకేతువులంటే ఆకాశంలో సూర్యుడి దారీ చంద్రుడి దారీ కలిసే రెండు బిందువులు, గ్రహణాలు వచ్చేది వాటి దగ్గరే. ఎన్నో వందల ఏళ్ల కిందటే టెలిస్కోపు లేకుండా మన పెద్దవాళ్లు ఇంత గమనించారు, ఇప్పుడు మనం దగ్గరికెళ్లి చూస్తున్నాం, అంతే చెప్పండి.

తర్వాత వలయాలు. పాత సీడీ మధ్యలో రంధ్రం పెద్దది చేసి బత్తాయి చుట్టూ పట్టించొచ్చు, కానీ అలా చూపిస్తే గట్టి పళ్లెం అనుకుంటారు. ఒక గిన్నెలో ఐస్ ముక్కలు పగలగొట్టి తెచ్చి తలా ఒకటి చేతిలో పెట్టండి, గ్రౌండ్‌లో ఒక పిల్లవాడిని మధ్యలో నిలబెట్టి మిగతావాళ్లు ఐస్ పట్టుకుని చుట్టూ తిరగాలి. లోపలి వరస వేగంగా, బయటి వరస నెమ్మదిగా. వలయమంటే ఇదే, ఎక్కువగా మంచు ముక్కలే, రేణువు నుంచి ఇల్లంత దాకా. అడ్డంగా లక్షల కిలోమీటర్లు, మందం మాత్రం చాలా చోట్ల పదుల మీటర్లే. నానమ్మ మాట చెప్పిన పిల్ల చేతిలో ఐస్ కరిగిపోయేదాకా పారేయలేదు.

నాలుగో రోజు తొందరగానే అవుతుంది. యురేనస్‌కి బొంగరం చాలు. తిప్పి చూపించండి, అది నిలబడి తిరుగుతుంది, యురేనస్ పక్కకి పడుకుని దొర్లుతున్నట్టు తిరుగుతుంది. నెప్ట్యూన్ దగ్గర గాలులు గంటకి రెండు వేల కిలోమీటర్లు, చలి సున్నాకి కింద 200 డిగ్రీలు. ఒక్కసారి సూర్యుణ్ని చుట్టి రావడానికి 165 ఏళ్లు, అంటే అక్కడ ఏ మనిషీ మొదటి పుట్టినరోజు చేసుకోలేడు. 1846లో కనిపెట్టారు, అప్పటి నుంచి చూస్తే 2011లో ఒక్క చుట్టు పూర్తయింది. ఈ రెండు గ్రహాల దగ్గరికి ఇప్పటిదాకా వెళ్లింది వాయేజర్-2 అనే అంతరిక్ష నౌక ఒక్కటే, 1986లో యురేనస్, 1989లో నెప్ట్యూన్. ప్లూటో సంగతి ఎవరో ఒకరు అడుగుతారు, 2006 నుంచి దాన్ని మరుగుజ్జు గ్రహం అంటున్నారని చెప్పి ముందుకెళ్లండి.

తిరిగొచ్చేటప్పుడు భూమి దగ్గర కూడా అదే ప్రశ్న అడగండి, ఇది మాత్రం మానేయొద్దు. తలుపు తీద్దామా? చీటీలు చదవమనండి: వేడి సరిపోతుంది, గాలి ఉంది, నేల ఉంది, నీళ్లున్నాయి. తలుపు తీయగానే స్కూల్ వేపచెట్టు కనిపిస్తే చెట్టు కింద రెండు నిమిషాలు నిలబెట్టండి.

లాగ్‌బుక్

నోట్సు బదులు ఒక్కో గ్రహానికి ఒక పేజీ. బొమ్మ, తలుపు తీశామా లేదా, ఎందుకు, ఇంకా తెలుసుకోవాలనున్నది ఒకటి. కింద గీత గీసి రెండు భాగాలు చేయించండి: ఒకవైపు "నిజం", ఇంకోవైపు "మనం అనుకున్నది". అంగారకుడి మీద వరండా లేదు, మనకి పది నెలలు పట్టలేదు, ఇవి రెండో వైపు. చిన్న పిల్లలు ఊహనీ విషయాన్నీ కలిపేసుకుంటారు, ఈ గీత లేకపోతే "శనికెళ్లినప్పుడు ఐస్ తెచ్చుకున్నాం" అని ఇంట్లో చెబుతారు. పరీక్ష పెట్టాలనుకుంటే వారం ఆగి, పేరు చెప్పకుండా మూడు చీటీలు చదివి "ఎక్కడున్నాం?" అని అడగండి.

చివరి పని ఇంటికి. ఆ నెలలో సాయంత్రం ఏ గ్రహం కనిపిస్తుందో ఫోన్‌లో స్కై మ్యాప్ యాప్‌లో చూసి, పిల్లలకి దిక్కూ టైమూ రాసివ్వండి. హైదరాబాద్ దగ్గరలో ఉంటే బిర్లా ప్లానెటేరియం కూడా ఉంది, కానీ మేడ మీదకి ఎక్కడం అంతకన్నా తేలిక. నక్షత్రం మిణుకుమంటుంది, గ్రహం మామూలుగా మిణుకుమనదు, అది ఒక్కటి చెబితే చాలు. చీకటి పడ్డాక ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లి చూపించి, అక్కడ తలుపు తీయొచ్చో లేదో వాళ్లకి చెప్పి రమ్మనండి, మర్నాడు పొద్దున్న మొదటి పది నిమిషాలు ఆ కబుర్లకే వదిలేయండి.